మంచు మీద నెపం

ఇంగ్లిషువాళ్లకి స్నో, ఫాగ్, ఐస్, డ్యూ... ఒక్కోదానికి ఒక్కో పేరు. మనకి మాత్రం అన్నీ మంచే! హిమాలయాల మీద కురిసేదీ మంచే, ధనుర్మాసంలో ముగ్గేసే అమ్మాయి జడని తడిపేదీ మంచే. తుమ్మపాలలోని ఆ లెక్కల మాస్టారి ఇంట్లో మాత్రం నెలరోజుల తేడాతో ఆ మాటకి రెండర్థాలూ తెలిసొచ్చాయి. ఒకటి అమెరికాలో కొడుకు కారుని గుద్దించింది. రెండోది ఇక్కడ తండ్రి కారుని.

2022 డిసెంబరు. తెల్లవారుజామున అయిదింటికి ఫోను మోగింది. ఆ వేళప్పుడు ఫోనంటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. మినియాపొలిస్ నుంచి అబ్బాయి. అక్కడ సాయంత్రం అయిదున్నర.
‘నాన్నా, కంగారు పడకు. నాకేం కాలేదు. కారే...’

ఆ మాట చాలు. పక్కనే నిలబడ్డ మాస్టారి భార్య అప్పటికే దేవుడి గది వైపు తిరిగి దణ్ణం పెట్టేసింది.

ఆఫీసు నుంచి వస్తుంటే వంతెన మీద కారు జారిందట. రోడ్డు మామూలుగా నల్లగానే కనిపించింది. అదే మోసం. నీళ్లు పల్చటి పొరలా గడ్డకట్టి, అద్దంలా పారదర్శకంగా ఉంటాయి. కింద ఉన్న తారు రంగే పైకి కనిపిస్తుంది. అందుకే దాన్ని బ్లాక్ ఐస్ అంటారు. వంతెన మీద అది ముందుగా కడుతుంది. రోడ్డుకైతే కింద నేల వెచ్చదనం కాస్తయినా ఉంటుంది, వంతెనకి పైనా కిందా చలిగాలే కదా! రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కానీ సున్నాకి పది డిగ్రీల కిందకి దిగిందంటే మామూలు ఉప్పు కూడా అంతగా పనిచేయదు. అబ్బాయి కంగారులో బ్రేకు తొక్కాడు. కారు అతని మాట వినడం మానేసింది. గిర్రున తిరిగి పక్కనున్న ఇనుప రెయిలింగుని కొట్టుకుంది.

జింక సలహా

మర్నాడు అబ్బాయి మళ్లీ ఫోను చేశాడు. ఈసారి గొంతులో నసుగుడు. ‘ఫ్రెండొకడు ఓ సలహా చెప్పాడు నాన్నా. జింక అడ్డొచ్చి గుద్దుకుందని రాసెయ్యమంటున్నాడు’ అన్నాడు.

అందులో మతలబు ఉంది. అక్కడ కారు బీమాలో రెండు భాగాలుంటాయి. దేన్నయినా వెళ్లి మనం గుద్దుకుంటే ఒక భాగం కింద ఇస్తారు. మంచు మీద జారినా సరే, చాలావరకు తప్పు నడిపినవాడిదే అంటారు. అలాంటి క్లెయిము తర్వాత ప్రీమియం పెరగడం మామూలే. జంతువు తగిలితే మాత్రం రెండో భాగం కింద లెక్క, సాధారణంగా నడిపినవాడి తప్పుగా చూడరు. మిన్నెసోటాలో జింకలకి కొదవ లేదు. ఒక్క అబద్ధంతో వ్యవహారం చక్కబడిపోతుంది.

మాస్టారు పకపకా నవ్వారు. ‘ఒరేయ్, నోరు లేని జింక మీద నింద వేస్తావురా? జరిగింది జరిగినట్టు రాయి. డబ్బు పోతే మళ్లీ వస్తుంది’ అన్నారు. ముప్ఫై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన గొంతు అది. అబ్బాయి అలాగే రాశాడు. తన వాటా కింద కొంత కట్టుకున్నాడు. మిగతాది కంపెనీ ఇచ్చింది. ప్రీమియం కూడా పెరిగింది.

కొడుక్కి ఆ మాట చెప్పినందుకు మాస్టారు లోలోపల కాస్త గర్వపడ్డారు కూడా. సలహా ఇవ్వడం ఎంత తేలికో అప్పటికి ఆయనకి తెలియదు.

చెరకు బండి వెనక

సంక్రాంతి వెళ్లిన వారం... పండక్కి వచ్చిన మేనల్లుడు లంబసింగి వెళ్దామని పట్టుబట్టాడు. చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున ఉన్న ఆ ఊరికి ఆంధ్రా కశ్మీర్ అని పేరు. చెరువులవేనం కొండ మీద నిలబడితే కాళ్ల కింద పాలసముద్రంలా మంచు. అది చూడాలంటే సూర్యుడు రాకముందే చేరుకోవాలి. అందుకని తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరారు. చీకట్లో మాస్టారికి ఎదుటి లైట్ల వెలుగు పడదు. ‘లైసెన్సుందిరా?’ అనడిగారు. ‘ఉంది మావయ్యా’ అన్నాడు మేనల్లుడు. తాళం చేతికిచ్చారు.

కొండ మంచు చూడ్డానికి బయల్దేరినవాళ్లకి ఊరి మంచే ఎదురొచ్చింది. చోడవరం రోడ్డెక్కారో లేదో తెల్లటి గోడ. గాలి లేని చలికాలపు రాత్రుల్లో నేల త్వరగా చల్లబడుతుంది. పొలాల తడి, నది తడి గాలిలోనే సన్నటి చుక్కలై నిలిచిపోతాయి. శారదానది పక్క ఊళ్లకి ఇది కొత్త కాదు. కుర్రాడు ఇంకా బాగా కనిపిస్తుందని హైబీమ్ వేశాడు. అదే పొరపాటు. ఆ వెలుగంతా మంచుచుక్కలకి తగిలి తిరిగి కళ్లలోనే పడుతుంది. పొగమంచులో లైట్లు దించే నడపాలి.

ఆ గోడలోంచి ఉన్నట్టుండి చెరకు గెడలు పొడుచుకొచ్చాయి. బ్రేకు కీచుమంది. ఆ వెంటనే ధనామని చప్పుడు.

రోడ్డు పక్కన ఆగి ఉన్న చెరకు ట్రాక్టరది. టైరు పంచరైందట. ట్రెయిలరు వెనక లైటు లేదు, ఎర్ర రిఫ్లెక్టరూ లేదు. రైతు ముందువైపు నుంచి పరుగెత్తుకొచ్చాడు. ‘ఏటైపోనాది బాబూ... దెబ్బలేటీ తగల్లేదు కదా?’ అంటూ తలుపు తీసి ముందు ఆవిడని దింపాడు. అదృష్టం! ముగ్గురికీ సీటుబెల్టులు ఉన్నాయి. ఆవిడ భుజం కమిలింది, అంతే.

తర్వాత మాస్టారు లెక్క వేసుకున్నారు. వేగం గంటకి 40 కిలోమీటర్లు. అంటే సెకనుకి 11 మీటర్లు. కన్ను చూసి, కాలు బ్రేకు మీదకి వెళ్లేసరికే ఒక సెకను. అక్కణ్నుంచి కారు ఆగడానికి ఇంకో 9 మీటర్లయినా కావాలి. మొత్తం 20. ఆ మంచులో కనిపించింది 15 మీటర్లు మించదు. ఆ తక్కువైన అయిదు మీటర్లే బానెట్ మీద పడ్డాయి!

కారు కింద పచ్చటి నీళ్లు మడుగు కట్టాయి. రేడియేటర్ పగిలింది. మేనల్లుడు స్టార్టు చేయబోతే మాస్టారు ఆపారు. కూలెంటు లేకుండా ఇంజిన్ నడిపితే కాలిపోతుంది. గుద్దుకున్నాక అలా మన చేతులారా చేసుకున్న నష్టానికి బీమా డబ్బు రాదు. కారు కదపకముందే నాలుగువైపుల నుంచీ ఫొటోలు తీశారు. తెల్లారాక రైతు కొడుకు ఇంకో ట్రాక్టరు తెచ్చి, కారుకి తాడు కట్టి, నెమ్మదిగా ఊళ్లోకి లాక్కొచ్చాడు. డబ్బివ్వబోతే తీసుకోలేదు.

ఫారంలో ఒక గడి

బీమా కంపెనీకి ఫోను చేస్తే క్లెయిము నంబరు ఇచ్చారు. కారు అనకాపల్లిలో షెడ్డుకి చేరింది. మేస్త్రీ అన్నీ చూసి 60 వేలవుతుందని తేల్చాడు. రేడియేటరూ బానెటూ లాంటి ఇనుపసామాను 22 వేలు, బంపరూ లైట్లూ లాంటి ప్లాస్టిక్ సామాను 18 వేలు, పెయింటింగ్ 12 వేలు, కూలి 8 వేలు.

పాలసీ ఫుల్ ఇన్సూరెన్సే. కానీ 2016లో కొన్న కారు. పాతబడేకొద్దీ తరుగుదల తీసేస్తారు. అయిదేళ్లు దాటి పదేళ్లలోపు బండికి ఇనుపసామాను మీద 40 శాతం కోత. ప్లాస్టిక్, రబ్బరు మీద బండి వయసెంతైనా సగమే ఇస్తారు. పెయింటింగ్ బిల్లులో పావు వంతు రంగు ఖరీదుగా లెక్కగట్టి అందులో సగం తీసేస్తారు. కూలికి కోత లేదు. 1500 సీసీ లోపు కారైతే మరో వెయ్యి మనమే భరించాలి. ఈ తరుగుదల కోత వద్దనుకుంటే పాలసీ తీసుకునేటప్పుడే కాస్త ఎక్కువ కట్టి జీరో డిప్రిసియేషన్ తీసుకోవాలి. మాస్టారు తీసుకోలేదు. కాగితం మీద లెక్కగట్టారు... కంపెనీ నుంచి 39,700, తన జేబులోంచి 20,300. ఫరవాలేదనుకున్నారు.

సాయంత్రం షెడ్డులో కూర్చుని ఫారం నింపుతున్నారు. ప్రమాదం జరిగిన చోటు, సమయం, ఎలా జరిగింది... అన్నీ రాశారు. ‘వాహనం నడిపిన వ్యక్తి, లైసెన్సు వివరాలు’ అన్న గడి దగ్గర చెయ్యి చాపారు. ‘ఏదిరా నీ లైసెన్సు?’

మేనల్లుడు తల దించుకున్నాడు. జేబులోంచి తీసిన కార్డు మోటార్ సైకిల్‌ది. కారుది కాదు.

‘అబద్ధం చెప్పలేదు మావయ్యా. లైసెన్సుందా అనడిగారు, ఉందన్నాను.’

మేస్త్రీకి ఇలాంటివి మామూలే. ‘దానికేటి మాస్టారూ! స్టీరింగు మీరే పట్టుకున్నారని రాసీండి. మీ లైసెన్సు బాగానే ఉంది కదా. అందరూ రాసేదదే’ అన్నాడు. అందులో తప్పుందనే ఆలోచనే లేదతనికి. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు.

మాస్టారి చేతిలో పెన్ను ఆగిపోయింది. ఒక్క పేరు మారిస్తే 39,700 రూపాయలు. పింఛను మీద బతికే ఇంటికి చిన్న మొత్తం కాదు. చూసినవాళ్లు ఎవరున్నారు? రైతు ఒక్కడు. అతను నోరెత్తడు. పైగా వెనక లైటు లేని బండి అతనిది. కాసేపు ఆ దారిలోనూ ఆలోచన పోయింది... తప్పంతా ట్రాక్టరుదే అని రాస్తే? లేదా మంచుదే అంటే?

అబద్ధం రాయడం మోసమని ఆయనకి తెలుసు. అంతకంటే ఎక్కువగా వేరే సంగతి వణికించింది. ఆ పొద్దున ట్రెయిలరు వెనక పంచరు చూస్తూ మనిషి వంగి ఉంటే? తగిన లైసెన్సు లేనివాడి చేతిలో బండి ఎవరినైనా బలిగొంటే, బీమా కంపెనీ బాధితుడి కుటుంబానికి పరిహారం కట్టినా, ఆ సొమ్ము తిరిగి కారు యజమాని నుంచి రాబట్టుకోమని కోర్టులు చెప్పిన సందర్భాలున్నాయి. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో లైసెన్సు లేకుండా నడిపినవాడికీ, వాడికి బండి ఇచ్చిన యజమానికీ కూడా జరిమానా 5 వేల రూపాయలు, జైలుశిక్షకీ వీలుంది. ‘లైసెన్సుందా’ అని అడిగిన పెద్దమనిషి, కార్డు తీసి చూపించమని ఎందుకనలేదు? తాళం ఇచ్చిన చెయ్యి తనదే కదా!

రాత్రి ఇంటికొచ్చి భార్యకి చెప్పారు. ఆవిడ అన్నం వడ్డిస్తూ అంతా విని, ‘ఇంకేం ఆలోచన? మీ అబ్బాయికి ఓ జింక దొరికింది. మీకు మీ లైసెన్సు దొరికింది’ అంది.

మాస్టారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు ఉదయం కంపెనీకి ఫోను చేసి క్లెయిము వెనక్కి తీసుకుంటున్నానని చెప్పారు. మేస్త్రీ వింతగా చూశాడు. కానీ తన వంతుగా బిల్లు తగ్గించాడు. కొత్త బానెట్ వేయకుండా ఉన్నదాన్నే సాపు చేసి, పాతసామాన్ల దుకాణంలో లైట్లు వెతికి తెచ్చి, 41 వేలతో పని ముగించాడు. బానెట్ మీద చెయ్యి వేసి నిమిరితే ఇప్పటికీ చిన్న సొట్ట తెలుస్తుంది.

ఎర్ర స్టిక్కర్లు

మేనల్లుడు వేసవిలో డ్రైవింగ్ స్కూల్లో చేరి కారు లైసెన్సు తీసుకున్నాడు. మొదటి జీతంలోంచి మావయ్యకి 5 వేలు పంపాడు. ఆ డబ్బు మాస్టారు కారుకి వాడలేదు. ఎర్రగా మెరిసే రిఫ్లెక్టర్ టేపు చుట్టలు కొన్నారు.

ఒకప్పుడు తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీకి వెళ్లే చెరకు బళ్లతో ఈ దారి కళకళలాడేది. ఇప్పుడా ఫ్యాక్టరీ మూతపడింది. అయినా గానుగలకి చెరకు, అనకాపల్లి మార్కెట్టుకి బెల్లం దిమ్మలు ట్రాక్టర్ల మీద వెళ్తూనే ఉంటాయి. బెల్లం పనులు ముమ్మరంగా సాగేదీ, పొగమంచు దట్టంగా కమ్మేదీ ఒకే కాలంలో. బడి మానని పిల్లాడిలా మాస్టారు రోజూ సాయంత్రం రోడ్డు మీద నిలబడి, వచ్చిన ప్రతి ట్రెయిలరునీ ఆపి, వెనక రెండువైపులా టేపు అంటించేవారు. మొదటిది ఆ రైతు బండికే. అతను మొహమాటంగా నవ్వి, ‘ఇది ముందే ఉంటే మీ కారు మిగిలీది బాబూ’ అన్నాడు.

‘నా వంతు నేను చూసుకుని ఉన్నా మిగిలేదిలే’ అన్నారు మాస్టారు.

ఈ సంగతంతా ఫోనులో విన్న అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వుతూ అడిగాడు. ‘అంటే నాన్నా, మన ఇంట్లో మంచు ఖర్చు మొత్తం ఎంతైనట్టు?’

లెక్కల మాస్టారు ఆ లెక్క మాత్రం వేయలేదు. పక్కనుంచి భార్యే అందుకుంది. ‘ఎంతైతేనేంరా... మధ్యలో ఆ జింక మాత్రం బతికిపోయింది!’