మా మేనత్త చూచిన మాయాబజారు

సంక్రాంతి సెలవుల పిమ్మట బడి తెరచిన దినమున పాఠము చెప్పుట యెంత కష్టమో ఉపాధ్యాయులకు దెలియును. ఈ యేడు నేను పుస్తకము మూసి, సెలవులలో నేమేమి చూచితిరని పిల్లల నడిగితిని. ఒక బాలుడు పట్నములో తన పినతండ్రి యింటికి బోయి, నల్లయద్దములు పెట్టుకొని చూచిన బొమ్మల సినిమాను గూర్చి చెప్పెను. తెరలోని పక్షి వచ్చి తన ముక్కుమీద వ్రాలబోయెనట. తాను చేయి యడ్డము పెట్టుకొనెనట. తరగతి యంతయు నవ్వెను. "అది మా బాబాయి చిన్నప్పటి సినిమాయేనండి మాష్టారూ, ఇప్పుడు త్రీడీ చేశారు" అని వాడు ముగించెను. వెంటనే వెనుక బల్లనుండి మఱియొకడు, "అయితే మాయాబజారు కూడా త్రీడీలో వస్తుందాండి?" అనెను.

పాత చిత్రమును మూడు కొలతలలోనికి మార్చుట నేటి వింత కాదు. అమెరికాలో 1993లో వచ్చిన 'ది నైట్మేర్ బిఫోర్ క్రిస్మస్' అను పండుగనాటి బొమ్మల చిత్రమును 2006లో నట్లు మార్చి మరల విడుదల చేసిరి. మన రెండు కన్నులును ఒకే వస్తువును కొంచెము వేరైన రెండు చోట్లనుండి చూచును. ఆ రెంటిని మనస్సు కలుపుకొని లోతును గ్రహించును. పాత చిత్రమునందున్నది ఒక కంటి చూపే. రెండవ కంటి చూపును కంప్యూటరు సాయమున కల్పింపవలెను. అనగా నాడు కెమేరా చూడనిదానిని నేడు చూచినట్లు నిర్మింపవలెను. ఇంతవఱకు పిల్లలకు జెప్పితిని. మాయాబజారు మాట వినగానే నాకు జ్ఞప్తికి వచ్చినదానిని మాత్రము తరగతిలో జెప్పలేకపోతిని. దాని నిచ్చట జెప్పెదను.

విజయావారి మాయాబజారు 1957 మార్చి 27వ తేదీన విడుదలయ్యెను. కె. వి. రెడ్డిగారి దర్శకత్వమును, పింగళి నాగేంద్రరావుగారి మాటలును పాటలును, మార్కస్ బార్ట్లీగారి ఛాయాగ్రహణమును ఎరుగని తెలుగు కుటుంబ ముండదు. ఆ వేసవిలో మా తాతగారు పెనుగొండనుండి రెండెడ్లబండి కట్టించి, యింటిల్లిపాదిని తణుకునకు సినిమాకు గొనిపోయిరి. మా తండ్రికి అప్పుడు పదేండ్లు. ఇంటిల్లిపాదియని మా యింట చెప్పుకొనుట వాడుక; నిజమున కొకరు తక్కువ. ఆ యొకరు మా తండ్రికి అక్క, నాకు మేనత్త.

ఆమెకు పదునాల్గవ యేట పెండ్లి చేసిరి. పదునాఱవ యేట ఆమె పుట్టినింటికి తిరిగివచ్చినది. బండి కదలిన నాటికి ఇరువది యేండ్లది. మా తాతగారు మూర్ఖులు కారు. వారి బీరువాలో వీరేశలింగముగారి గ్రంథములు వరుసగా నుండెడివి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున జరిగిన మొదటి వితంతు వివాహమును గూర్చి వారు తాము దగ్గరనుండి చూచినట్లే వర్ణించెడివారట. వితంతు వివాహమును న్యాయసమ్మత మొనర్చిన చట్టము 1856 నాటిది. మా బండి తణుకు దారి పట్టునప్పటికి దానికి నూటొక్క యేండ్లు. అయినను కుమార్తె సంగతి వచ్చునప్పటికి వీరేశలింగముగారు బీరువాలోనే యుండిపోయిరి. ఆమెకు శిరోముండనము చేయింపకుండుటయే తాము చేసిన సంస్కరణమని తాతగారు తృప్తిపడిరి. తెల్లచీర తప్పలేదు. నలుగురు చేరు చోటికి బోగూడదనుటయు దప్పలేదు.

ఆ రాత్రి బండి తిరిగివచ్చువఱకు ఆమె మేలుకొనియే యున్నదట. మా తండ్రి నిద్రకన్నులతోనే కథ చెప్పెనట. అటుపిమ్మట పెండ్లిపందిళ్ల మైకుసెట్లనుండియు, రేడియోనుండియు ఆ చిత్రములోని పాటలు పద్యములు ఆమె చెవిని బడెను. ఒకసారి విన్న పద్యము ఆమెకు మరపునకు రాదు. మా చిన్ననాట దూరదర్శనులో మాయాబజారు వచ్చినపుడు మేమందఱము ముందుగదిలో గూర్చుండగా, ఆమె వంటింటిలో కూర తరుగుకొనుచు నాయాచోట్ల మాటల నందించుచుండెడిది. "రా అత్తయ్యా" యని మేమెన్నడు నన్నవారము కాము. ఆమెకు సినిమాలు గిట్టవని మాలో మేమే నిశ్చయించుకొంటిమి. ఎవరో విధించిన నియమము కొంతకాలమునకు ఆమె యిష్టముగా మాకు గనబడసాగెను. దానికంటె సులభమైన మోసము కుటుంబములలో మఱొకటి యుండదు.

2010 జనవరి 30వ తేదీన మాయాబజారు రంగులలో విడుదలయ్యెను. 'మొఘల్-ఎ-ఆజం' 2004లోను, 'నయా దౌర్' 2007లోను అట్లే రంగులు దాల్చియుండెను. తెలుగులో నిదియే మొదటిది. 165 మంది 8 నెలలు శ్రమించిరనియు, మేనిఛాయ కుదురుటకే 1,80,000 వన్నెలు వాడిరనియు ప్రకటించిరి. శబ్దపు నెగటివు చెడిపోయి యుండుటచే, నేపథ్య సంగీతమును ఏడుగురు వాద్యకారులు నెలకు మించి పాటుపడి, మూలమునకు సరిపడునట్లు మరల వాయించిరట. నాకు పెండ్లియై అప్పటికి మూడు నెలలు. రాజమండ్రి పోయి చూతమని మేమనుకొనుచుండగా, నా భార్య వంటింటి గుమ్మమున నిలిచి, "పెద్దమ్మగారూ, మీరూ వస్తారా?" యని యడిగెను. ఏబది మూడేండ్లలో మా యింట నెవరును అడుగని ప్రశ్న యది. అత్తయ్య చేతిలోని గరిటె దింపి, "ఏ ఆటకే?" యనెను. అంతే. ఆమెను ఒప్పింపవలసిన పనియే లేకపోయినది.

హాలులో నేను తెరకంటె ఆమె ముఖమునే యెక్కువగా జూచితిని. ద్వారకను జూచి యామె చేతులు జోడించెను. ఘటోత్కచుని యెదుట లడ్లు తమంతట తామే యెగిరి నోటబడుచుండగా పకపక నవ్వెను. అంత గట్టిగ నవ్వుట మే మెన్నడు వినియుండలేదు. "శశిరేఖది చిలకపచ్చ చీర అనుకున్నానురా ఇన్నాళ్లూ" అని నా చెవిలో మెల్లగా ననెను. ఇంజనీర్లు వన్నెలు వెదకుటకు బూనుకొనుటకు ఏబదియేండ్ల ముందే, వంటింటిలో నొక స్త్రీ యెవరి సాయమును లేక ఆ చిత్రమునకు రంగులు వేసికొని యున్నది!

ప్రియదర్శిని ఘట్టము చదువరులకు దెలిసినదే. ఆ పేటిక మూత తెరచినవారికి తమకు మిక్కిలి ప్రియమైనదే యందు గనబడును. శశిరేఖకు అభిమన్యుడు, బలరామునకు దుర్యోధనుడు, రేవతికి నగలు, కృష్ణునకు శకుని. పేటిక యొక్కటే, చూచువారి మనస్సులు వేరు. అత్తయ్య ఆ ఘట్టము ముగియువఱకు ఱెప్ప వేయలేదు. ఆమెకేమి గనబడెనో నేనడుగలేదు. అడుగుటకు నాకు హక్కున్నదని తోపలేదు.

వ్యాసభారతమున శశిరేఖ లేదు. ఆమె మన జానపదుల సృష్టి, మన నాటకసమాజముల పెంపకము. కన్య తాను వరించినవానినే పెండ్లాడవలెనని చెప్పుటకు మనవారికి రాక్షసమాయ యవసరమయ్యెను. ఆ మాయను జూచి 1957లో తణుకు హాలులో మావారందఱును చప్పట్లు కొట్టియుందురు. చప్పట్లు కొట్టి, బండి యెక్కి, తెల్లచీర కట్టిన పిల్ల తలుపు తీయగా ఇంటిలో నడుగుపెట్టిరి.

ఆట సగమైనదో లేదో అత్తయ్య తెర వంక అనుమానముగ జూడసాగెను. ఒక పద్యము రావలసిన చోట రాలేదు. మఱికొంత సేపటికి వేఱొకటి రాలేదు. "భళి భళి భళి దేవా" యను పాటయు లేదు. రంగుల ప్రతిలో నాపాటను, పద్యములలో పెక్కింటిని విడిచిపెట్టిరి. "పద్యాలేవిరా?" యని యామె యడిగెను. "ఇందులో తీసేశారు అత్తయ్యా" అంటిని. ఆమె కొంత తడ వూరకుండి, "నాకున్నవి అవేరా" యనెను.

ఆ మాటకు నావద్ద బదులు లేదు. సినిమాలో అందఱికిని ఉన్నది ఆమెకు లేకుండెను; ఆమెకున్నది ఆ హాలులో లేకుండెను. కన్నులకు తెరచిన తలుపు చెవులకు మూసికొన్నట్లయ్యెను.

తిరుగు ప్రయాణమున కారు గోదావరి వంతెన దాటి కొవ్వూరు చేరినపుడు ఆమె మెల్లగా నొక పద్య మెత్తుకొనెను. అది ముగియగానే వేఱొకటి. కథలో ఏది యెచ్చట రావలెనో అచ్చటి మాటలు చెప్పి, పిమ్మట పద్యము చదువుచుండెను. కారు నడుపు కుఱ్ఱవాడు తన పాటల పెట్టె ఆపివేసెను. నిడదవోలు దాటినది, తణుకు దాటినది. పెనుగొండ చేరునప్పటికి విడిచిన పద్యములన్నియు ఎక్కడి వక్కడ నిలిచెను. నేను పట్టపరీక్షలకు సంస్కృతమును ఇంగ్లీషును చదివితిని. ఒక గ్రంథమునకు లుప్తభాగములను చేర్చి పరిష్కరించుట యెట్లో ఆ సాయంకాలము కారులో నేర్చుకొంటిని.

పిమ్మట పాత నలుపు తెలుపు ప్రతిని డీవీడీలో దెచ్చి ఆమెకు జూపితిని. ముందుగదిలో, అందఱి నడుమ, కుర్చీలో గూర్చుండి చూచినది. పద్యము వచ్చినపుడెల్ల తల యూపినది. "రంగు లేకపోతేనేం, నిండుగా ఉంది" యనెను. ఆ యుగాదికి నా భార్య ఆమెకు చిలకపచ్చ చీర తెచ్చెను. ఆమె దానిని చేతితో నిమిరి, "నువ్వు అప్పుడు పుట్టి ఉంటే బాగుండేదే" యని తిరిగి యిచ్చివేసెను. ఆమె కాలధర్మము నొంది యిప్పటికి కొన్నేండ్లయినది.

రంగులు వేసినవారిని నేను నిందింపను. వారి పనితనము వలననే మా అత్తయ్య హాలులో గూర్చుండి నవ్వినది. పాత చిత్రము క్రొత్త పిల్లల కందినది. మూడు కొలతలలో వచ్చినను నాకు సమ్మతమే. కాని చేర్చినదానిని గొప్పగ జెప్పుకొనునపుడు తీసివేసినదానిని గూడ చెప్పుట ధర్మము. మూలమును చెక్కు చెదరకుండ నిలుపుట అంతకంటె ధర్మము. చిత్రమునకు నెగటివు మిగిలియున్నచో ఏబది మూడేండ్లకైనను రంగు వేయవచ్చును. శబ్దము చెడినచో ఏడుగురు కూర్చుండి మరల వాయింపవచ్చును. ఇరువదవ యేట మనిషినుండి తీసివేసిన రంగును డెబ్బదిమూడవ యేట పూయగల విద్య మాత్ర మే దేశమునను లేదు. చీర తెచ్చుట సులభము. దానిని కట్టుకొను వయస్సును దెచ్చుట యెవరి తరము?

ఈ పత్రిక చదువు కుటుంబములలో తెల్లచీర నియమము నేడు లేకపోవచ్చును. కాని "ఆవిడకు గిట్టదు" అనుమాట పోయినదా? అందఱు ముందుగదిలో గూర్చున్న వేళ వంటింటినుండియో వాకిటినుండియో వినుచుండునట్టివారు ప్రతి యింటను ఒక్కరైన నుందురు. వారికి నిజముగ గిట్టదో, మన మెన్నడు నడుగలేదో తెలిసికొనుటకు గొప్ప విద్య యక్కఱలేదు. మా యింటికి మూడు నెలల క్రిందట వచ్చిన పిల్ల యొక్క ప్రశ్నతో దానిని దెలిసికొన్నది. ఆ ప్రశ్న నింటిలో బుట్టిన మేము ముందుగా అడుగకపోతిమి.