మాటలేని సాక్షి

మనుష్యుడు అబద్ధమాడుటకు అనేక కారణములు గలవు. భయము, ఆశ, బంధుప్రీతి, స్వమతాభిమానము, ఇరుగుపొరుగువారితో మనకేల పగ యను జంకు, వీనిలో నేదైనను చాలును. కొట్లాట జరిగిన వీథిలో కాపురమున్న గృహస్థు పోలీసువారి యెదుట "తలుపు వేసుకుని లోపలే ఉన్నామండీ, ఏమీ చూడలేదు" అని తప్పించుకొనుట మన మెఱుగని సంగతి కాదు. అట్టిచోట ఆశయు, భయమును, కులమతములును లేని సాక్షి యొకటి దొరకిన నెంత మేలు! అట్టి సాక్షి నేడు మన యందఱి జేబులలోను చేతిసంచులలోను ఉన్నది. ఏ నంబరునుండి ఏ నంబరునకు, ఏ దినమున, ఎన్ని గంటలకు, ఎంతసేపు మాటలాడిరో, ఆ సమయమున ఆ సెల్‌ఫోను ఏ టవరు పరిధిలో నుండెనో కంపెనీవారి యంత్రములు తమంత తామే వ్రాసికొనుచుండును. దీనినే కాల్ రికార్డు అందురు. మతకలహముల విచారణలో ఈ లెక్క యెంతవఱకు ఉపకరించును, ఎచ్చట మూగవోవును అను విషయమునుగూర్చి నాకు తోచిన నాలుగు మాటలు చదువరులకు మనవి చేయుదును.

ఈ ప్రస్తావన చేయుటకు నాకొక చిన్న యర్హత గలదు. యౌవనమున నేను ట్రంకు టెలిఫోను ఆఫీసులో ఆపరేటరుగా పని చేసితిని. ఆ కాలమున దూరపు ఊరితో మాటలాడదలచినవారు మాకు నంబరు చెప్పి గంటల తరబడి కాచుకొని యుండెడివారు. ప్రతి కాల్‌కును మేమొక చీటి వ్రాసెడివారము. పిలిచినవారి నంబరు, ఆవలి ఊరు, ఆవలి నంబరు, కలిపిన సమయము, మాటలాడిన నిమిషములు, మామూలు కాలా, అర్జంటు కాలా, లైట్నింగు కాలా, ఇంతియే. ఆ తీగలమీద పెండ్లి సంబంధములు కుదిరినవి, మరణవార్తలు నడచినవి, అన్నదమ్ముల తగవులు తెగినవి. చీటిలో మాత్రము నిమిషములే మిగిలెడివి. "మాట వాళ్లదమ్మా, నిమిషం మనది" అని మా సూపర్వైజరుగారు క్రొత్తగా చేరిన పిల్లలకు చెప్పెడివారు. బిల్లు వసూలై గడువు తీరినపిమ్మట ఆ చీటీల కట్టలతో నెవరికిని పని యుండెడిది కాదు.

ఆ చీటిని వ్రాసిన దానను గనుక నేటి కాల్ రికార్డు నాకు గొప్ప వింతగా తోచదు. చేతివ్రాత పోయి యంత్రపు వ్రాత వచ్చినది. టవరు గుర్తును, ఫోను పరికరముయొక్క సంఖ్యయు క్రొత్తగా చేరినవి. గుణము మాత్రము పాతదియే. ఇది బిల్లు కొఱకు పుట్టిన లెక్క. న్యాయము కొఱకు పుట్టినది కాదు. సాక్ష్యము చెప్పించవలెనని యెవరును దీనిని కల్పింపలేదు గనుకనే దీని సాక్ష్యమునకు విలువ. సాక్ష్యము కొఱకని యెవరును దీనిని దాచిపెట్టరు గనుకనే దీని యాయువు కొంచెము. ఈ రెండు సంగతులను మనసునం దుంచుకొని చదువరులు గుజరాతులో జరిగిన కథను వినవలెను.

2002వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీన గోధ్రా స్టేషను చెంత సబర్మతి ఎక్స్‌ప్రెస్ పెట్టె యొకటి తగులబడి 59 మంది మృతిచెందిరి. మఱునాటినుండి ఆ రాష్ట్రమున సాగిన హత్యాకాండలో 790 మంది మహమ్మదీయులును, 254 మంది హిందువులును చనిపోయిరని కేంద్రప్రభుత్వము 2005లో రాజ్యసభకు తెలిపినది. ఫిబ్రవరి 28వ తేదీ యొక్క దినముననే అహమ్మదాబాదు నగరములోని నరోదా పాటియాలో 97 మందియు, గుల్బర్గ్ సొసైటీలో 69 మందియు, నరోదా గామ్‌లో 11 మందియు హతులైరి. గుల్బర్గ్‌లో చిక్కుకొనిన మాజీ పార్లమెంటు సభ్యుడు ఎహ్సాన్ జాఫ్రీ సహాయము కొఱకు పలువురికి ఫోను చేసెనని బ్రతికి బయటపడినవారు సాక్ష్యమిచ్చిరి. ఆయనయు ఆనాడే చంపబడెను. ఆ దినమున నగరములో ఎవరెవరు ఎవరెవరితో మాటలాడిరి? గుంపులను ఎవరైన నడిపించిరా? నాయకులును అధికారులును ఆ గంటలలో ఎచ్చట నుండిరి? ఈ ప్రశ్నలకు మనుష్యులిచ్చు జవాబులు ఒకటితో నొకటి పొసగనప్పుడు కంపెనీవారి పద్దు తప్ప వేఱొక తటస్థుడు లేడు.

ఆ పద్దును అడిగినవాడు రాహుల్ శర్మ యను పోలీసు అధికారి. అల్లర్ల ప్రారంభమున ఆయన భావనగరము జిల్లా పోలీసు అధిపతిగా నుండి, గుంపు చుట్టుముట్టిన యొక మదరసాలోని పిల్లలను కాపాడెను. పిమ్మట అహమ్మదాబాదు కంట్రోలు రూమునకు మార్చబడి, ఆ హత్యల దర్యాప్తునకు సాయపడుచు, సెల్‌ఫోను కంపెనీలను ఆ దినముల కాల్ రికార్డులు ఇమ్మని కోరెను. లక్షల కొలది కాల్‌ల వివరము సీ.డీ.మీద వచ్చినది. దానిని పై అధికారికి పంపితినని ఆయన చెప్పెను, అసలు సీ.డీ. పిదప దర్యాప్తు కాగితములలో కానరాలేదు. కాని ఆయన ఒక నకలు తీసి యుంచుకొనియుండెను. 2004లో నానావతి విచారణసంఘము యెదుట సాక్ష్యమిచ్చునప్పుడు ఆ నకలును సమర్పించెను. 2011లో రాష్ట్రప్రభుత్వము ఆ సీ.డీ. విషయముననే ఆయనపై అభియోగపత్రము జారీచేసినది. 2015లో ఆయన ఉద్యోగమును వదలి న్యాయవాదవృత్తి చేపట్టెను.

ఒక్క క్షణము ఆలోచింపుడు. నగరమంతటి యంత్రములు వ్రాసిన లెక్క, ఒక మనుష్యుడు నకలు తీసి దాచినందువలన మాత్రమే రెండేండ్లు బ్రతికి వెలుగు చూచినది. మన పెద్దలు చిత్రగుప్తుని చిట్టానుగూర్చి చెప్పుదురు. అందు ఒక్క పుటయైనను చినుగదు, ఒక్క పద్దైనను చెఱగదు. కంపెనీల చిట్టా అట్టిది కాదు. గడువు తీరగానే అది తన్ను తానే తుడిచికొనును. అడుగవలసినవాడు అడుగకపోయిన, అడిగి తెచ్చినది పోగొట్టబడిన, దోషికి శిక్ష తప్పుటయే కాదు, నిర్దోషికి రక్షణయు తప్పును. "ఆ సమయమున నేనా ఊరిలోనే లేను" అని మొఱపెట్టుకొను అమాయకునికి కూడ ఆ టవరు గుర్తే దిక్కు.

అయితే ఈ సాక్షి మాటకు హద్దు లేకపోలేదు. ఫోను ఎచ్చట నుండెనో అది చెప్పును. ఎవరి చేతిలో నుండెనో చెప్పదు. ఇద్దఱు మాటలాడిరని చెప్పును. "చంపుడు" అనిరో, "పిల్లలను లోపలికి తీసికొని పొండు" అనిరో చెప్పదు. టవరు పరిధి పట్టణములో కొన్ని వీథులు, పల్లెలో కొన్ని మైళ్లు. ఆ పరిధిలో హంతకుడును ఉండును, దాగికొనినవాడును ఉండును, చూచి కన్నీరు విడిచినవాడును ఉండును. 2020 ఫిబ్రవరిలో ఈశాన్య ఢిల్లీలో అల్లర్లు జరిగి 53 మంది చనిపోయినప్పుడు ఈ సంగతి మఱల పైకి వచ్చినది. ఆ పేటలోనే కాపురమున్నవాని ఫోను ఆ పేట టవరునకు తగిలియుండుటలో వింత లేదని బెయిలు ఉత్తరువులలో న్యాయమూర్తులు వ్రాసిరి. ఇది న్యాయమైన మాట. వడ్లను తూర్పారబట్టకుండ పొట్టుతో కలిపి కొలిచిన కొలత కొలత కాదు.

కావుననే ఈ లెక్క ఒంటరిగా నిలువజాలదు. దానిని మనుష్యుల సాక్ష్యముతో కలిపి చదువవలెను. నరోదా పాటియా కేసు ఇందుకు తార్కాణము. సుప్రీంకోర్టు 2008లో నియమించిన ప్రత్యేక దర్యాప్తు బృందము ఈ కేసును మరల పరిశోధించినది. 2012 ఆగస్టులో ప్రత్యేక న్యాయస్థానము 32 మందిని దోషులుగా నిర్ణయించి, వారిలో నొకరైన మాజీ మంత్రిణి మాయా కోడ్నానీకి 28 సంవత్సరముల శిక్ష విధించినది. ఆ విచారణలో సాక్షుల మాటలతోపాటు ఫోను లెక్కలును చర్చకు వచ్చినవి. 2018 ఏప్రిల్ 20వ తేదీన గుజరాతు హైకోర్టు, ఆమెను చూచితిమన్న సాక్షుల మాటలు పొసగలేదని, సంశయఫలమిచ్చి ఆమెను విడిచిపెట్టినది. మఱికొందఱు దోషులనుటను స్థిరపఱచినది. నరోదా గామ్ కేసులో 2023 ఏప్రిల్‌లో ముద్దాయిలందఱును విడుదలైరి. ఈ తీర్పులను తర్కించుట నా పని కాదు. నేను గమనించునది ఒక్కటియే. నేరము జరిగిన యిన్ని సంవత్సరముల పిమ్మట మనుష్యుల జ్ఞాపకము వడలిపోవును, మొదట వ్రాయవలసినది వ్రాయకపోయిన తరువాత చెప్పినదానిపై అనుమానము కలుగును. మొదటి వారములో జాగ్రత్తగా సేకరింపని సాక్ష్యము ఇరువది యేండ్లకు ఎవరికిని అక్కఱకు రాదు.

మన చట్టము ఈ విషయమున తడబడుచు తడబడుచు నడచినది. యంత్రపు లెక్కను కోర్టులో దాఖలు చేయవలెనన్న, ఆ యంత్రమును నడుపు బాధ్యుడు "ఇది సక్రమముగా తీసిన నకలే" యని ధ్రువపత్రము వ్రాసి యీయవలెనని 2000వ సంవత్సరమున సాక్ష్యచట్టములో 65బీ సెక్షను చేర్చిరి. పార్లమెంటుపై జరిగిన దాడి కేసులో 2005లో సుప్రీంకోర్టు ఆ పత్రము లేకున్నను కాల్ రికార్డులను స్వీకరించినది. 2014లో అట్లు కూడదనినది. 2020లో ఆ నియమమును దృఢపఱచి, దర్యాప్తులో స్వాధీనము చేసికొనిన కాల్ రికార్డులను విడిగా భద్రపఱపవలెనని సెల్‌ఫోను కంపెనీలకు ఆదేశమిచ్చినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములో 63వ సెక్షను ఈ పని చేయుచున్నది. కంపెనీలు లెక్కను ఉంచవలసిన గడువు మునుపు ఒక సంవత్సరము. 2021 డిసెంబరులో దానిని రెండు సంవత్సరములు చేసిరి. రెండేండ్ల గడువును, ఇరువది యేండ్ల విచారణను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన, ఎవరి నిర్లక్ష్య మెవరికి లాభమో చదువరులే గ్రహింపగలరు.

ఇచ్చట మా కోడలు నన్నొక ప్రశ్న అడిగినది. "అత్తయ్యగారూ, మీరు చెప్పేది బాగానే ఉంది. కానీ నేను మా అమ్మతో ఏ రాత్రివేళ ఎంతసేపు మాట్లాడానో ప్రభుత్వానికెందుకండీ?" అనినది. చాల మంచి ప్రశ్న. హంతకుని పట్టియిచ్చు లెక్కయే సాధువులను వేటాడుటకును పనికివచ్చును. ఏ పత్రికావిలేఖరికి ఎవరు వార్త చెప్పిరో, ఏ యాడపిల్ల ఎవరితో మాటలాడుచున్నదో తెలిసికొనుటకును ఇదే దారి. ఏకాంతము ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో చెప్పుటకు ముందే మన యిండ్లలోని స్త్రీలకు దాని విలువ తెలియును. ఉత్తరములు విప్పి చదువు మామగారి యింట కాపురము చేసినవారి నడిగిన చెప్పుదురు.

నేనామెకు చెప్పిన సమాధానము ఇది. కత్తిపీట యింట నుండుట తప్పు కాదు. దానిని ఎవరు, ఎప్పుడు తీయవలెనన్న కట్టడి లేకుండుట తప్పు. ఒక ప్రాంతమున మతకలహము రేగి ప్రాణములు పోయిన వెంటనే, ఆ దినముల, ఆ టవరుల లెక్కలను చెఱుపకుండ నిలుపవలెనని న్యాయస్థానమే ఉత్తరువు చేయవలెను. ఏ పార్టీ అధికారములో నున్నను, చచ్చినవారు ఏ మతమువారైనను ఈ పని జరుగవలెను. నిలిపిన లెక్కను ఏ పోలీసు అధికారియు తన యిష్టము చొప్పున విప్పరాదు. కారణము వ్రాసి, న్యాయమూర్తి యనుమతి పొంది విప్పవలెను. విప్పినది ఎవరు చూచిరో దానికిని ఒక లెక్క యుండవలెను. ఇట్లు చేసిన నా కోడలి యేకాంతమునకు భంగము లేదు, తల్లిని పోగొట్టుకొనిన బిడ్డకు సాక్ష్యము లేకపోదు.

చట్టము చేయవలసినది చట్టము చేయనిండు. మనము చేయవలసినదియు గలదు. యంత్రము భయపడదు, నిజమే. కాని అది దానంతట వచ్చి బోనులో నిలువదు. దానిని అడుగుటకు ఒక అధికారి, నకలు దాచుటకు ఒక చేయి, ధ్రువపత్రము వ్రాయుటకు ఒక గుమాస్తా, ప్రక్కన నిలిచి "నేను చూచితిని" అనుటకు ఒక పొరుగింటి గృహస్థు కావలెను. వీరిలో నే యొక్కరు జంకినను అన్ని లక్షల పద్దులును వ్యర్థమే. ఆ అధికారియు, ఆ గుమాస్తాయు, ఆ పొరుగువాడును మన యిండ్లలోనే పెరుగుచున్నారు. అల్లరి జరిగిన వార్త వచ్చినప్పుడు మనము భోజనముల యొద్ద మొదట అడుగు ప్రశ్న "చచ్చినవారు మనవారా, వారా?" అనునదైనచో, పిల్లలు నేర్చుకొను పాఠము కూడ అదియే. "ఏమి జరిగెను? ఎవరు చూచిరి? వ్రాసి పెట్టిరా?" అని అడిగినచో వేఱొక పాఠము నేర్చుకొందురు. ఆ రెండవ పాఠము నేర్చినవారు ఊరికి నలుగురున్నను, మాటలేని సాక్షికి మాట వచ్చును.