ఏ వయసు అలీ?

తెలుగు పండితుడనై యుండి ముష్టియుద్ధాన్ని గురించి వ్రాయడమేమిటని మీలో కొందరికి తోచవచ్చు. ముప్పై యేళ్ళకు పైగా సంధులూ సమాసాలూ చెప్పి విరమించినవాడికి బాహుయుద్ధమంటే భారతంలోనిదే తెలిసి ఉండాలి గదా! ఏం చేయను, ఈ వ్యసనం నన్ను వ్యాకరణం కంటె ముందే పట్టుకున్నది. పట్టించినవాడు మా బావ.

బావ అంటే మా మేనత్త కొడుకు. నాకంటె రెండేళ్ళు పెద్ద. వజ్రపుకొత్తూరు వైపు, సముద్రపు హోరు వినబడేంత దగ్గరలో వారి ఊరు. ఉద్యానమన్న మాటే ఉద్దానమైందంటారు. మా చిన్ననాట ఆ పేరుకు తగినట్టే ఉండేది: కొబ్బరి, జీడి, నడుమ నడుమ పనస. వేసవి సెలవులు రాగానే నేను టెక్కలి నుండి అక్కడికి పోయేవాణ్ణి. జీడిపిక్కలు ఏరుతూ, వాటి జిడ్డుకు వేళ్ళు పొక్కించుకుంటూ మేమాడిన ఆట ఒకటే. ఎవరితో ఎవరు తలపడితే ఎవరు గెలుస్తారు?

మొదటి జోడీ ఎప్పుడూ కోడి రామ్మూర్తి నాయుడు, గామా పహిల్వాను. రామ్మూర్తి నాయుడు మా వీరఘట్టం వాడు. (2022లో జిల్లాలు విడదీసినప్పుడు వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది. అయినా ఆయనను మేము ఇవ్వము. శ్రీకాకుళంలో క్రీడారంగానికి ఆయన పేరే ఉన్నది.) ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి తెంచడం, కదలబోయే మోటారు కార్లను పట్టి నిలపడం, గుండెల మీద ఏనుగును మోయడం – ఇవి విని పెరిగినవాళ్ళం. గామా 1910లో లండనులో జిబిస్కోతో గంటల తరబడి పెనగులాడితే కుస్తీ తేలలేదు. 1928లో పటియాలాలో అదే జిబిస్కోను నిమిషం తిరగకుండా పడగొట్టాడు. బావది రామ్మూర్తి పక్షం. నాది గామా పక్షం. బలం వేరు, పట్టు వేరు అని నా వాదన. పట్టు పట్టనిస్తే గదా అని బావ సమాధానం. ఈ వ్యాజ్యం ఇప్పటికి అర్ధశతాబ్దిగా నడుస్తున్నది.

1974 అక్టోబరు 30న కిన్షాసాలో మహమ్మద్ అలీ జార్జి ఫోర్‌మన్‌ను ఎనిమిదవ రౌండులో పడగొట్టిన వార్తను టెక్కలి గ్రంథాలయంలో పత్రికలో చదివి, ఆ వేసవికి బావకు అప్పజెప్పాను. అంతటితో రామ్మూర్తీ గామా వెనుకబడ్డారు. అలీకి జోడీ వెదకడమే పని అయింది. జో లూయీ అయితే? ఓటమి ఎరుగని రాకీ మార్సియానో అయితే? 49 పోటీలాడి 49 గెలిచి 1956లో తప్పుకున్నవాడాయె!

ఈ పిచ్చి మా ఇద్దరిదే కాదని తరువాత తెలిసింది. 1967లో అమెరికాలో వొరోనర్ అనే రేడియో నిర్మాత పాత కొత్త మహావీరులు పదహారుగురి లెక్కలను ఒక కంప్యూటరుకు మేపి పోటీలు నడిపించాడు. యంత్రం అలీని జెఫ్రీస్ చేతిలో ఓడించింది. అలీ పది లక్షల డాలర్లకు దావా వేశాడు. ఆ తగవు తీరిన విధం విచిత్రం. 1969లో అలీ, మార్సియానో ఇద్దరినీ నిజంగానే బరిలో నిలబెట్టి, ఉత్తుత్తి దెబ్బలతో చిత్రం తీశారు. మార్సియానోకు అప్పటికి 45 యేళ్ళు. ఒళ్ళు తగ్గించుకొని, బట్టతలకు విగ్గు పెట్టుకొని వచ్చాడు. ఆ ఆగస్టులోనే విమాన ప్రమాదంలో పోయాడు. 1970 జనవరిలో చిత్రం విడుదలైతే అమెరికా ప్రేక్షకులకు పదమూడవ రౌండులో మార్సియానో గెలిచాడు. ఐరోపాలో చూపిన ప్రతిలో అలీ గెలిచాడు! యంత్రానికి కూడా ఊరి మనిషి మీద మమకారమన్నమాట.

మనవాళ్ళు ఇంతకంటె తెలివైనవారు. కవిత్రయ భారతంలో వెదికినా దొరకని గయుని కథను అల్లి, కృష్ణార్జునులను ఎదురెదురుగా నిలబెట్టారు. చిలకమర్తి వారి గయోపాఖ్యానం ఆడని ఊరు లేదు. 1963లో రామారావు, నాగేశ్వరరావులతో సినిమా కూడా వచ్చింది. ఎవరు గెలుస్తారో చూడాలని జనం కూర్చుంటారు. తీరా సమయానికి దైవం అడ్డుపడుతుంది. టిక్కెట్టు డబ్బులు వచ్చాయి, ఎవరి అభిమానీ నొచ్చుకోలేదు.

బావ చదువు పదవ తరగతితో ఆగింది. కానీ మా వైపు పండుగలకు ఎత్తే సంగిడి రాయిని భుజానికి ఎత్తి వెనుకకు వేసిన చేయి అతనిది. నేను ఆ రాయిని దొర్లించనైనా లేకపోయాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి తోట తోటంతా పడుకున్నప్పుడు, అరవై దాటిన వయసులో, రంపం పట్టి కూలిన చెట్లను తానే కోసుకున్నాడు. మరుసటి యేడు కాళ్ళ వాపుతో బయటపడింది. ఉద్దానంలో ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ప్రతి వీధిలోనూ ఒక ఇల్లుంటుంది. ఎందువల్ల వస్తున్నదో ఇదమిత్థమని నేటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, ఊళ్ళకు వంశధార నీరు వచ్చాయి. బావకు అప్పటికే రక్తశుద్ధి మొదలై రెండేళ్ళు.

వారానికి మూడు పర్యాయాలు, తడవకు నాలుగు గంటలు. ఎడమ చేతిలో రక్తనాళాలను కలిపి కుట్టిన చోట తాడులాగ ఉబ్బి ఉంటుంది. ముట్టుకుంటే గుర్రుమని కదులుతుంది. ఆ చేతితో బరువెత్తకూడదు. సంగిడి ఎత్తిన చేతికి నీళ్ళ బిందె నిషిద్ధం.

క్రిందటి సంవత్సరం వరుసగా రెండు తడవలు మానేశాడు. ఇక పోనని ఇంట్లో చెప్పాడట. నా చెల్లెలు – బావ ఇల్లాలు – ఫోనులో ఏడ్చింది. "అన్నయ్యా, నువ్వొచ్చి చెప్పు, నీ మాట వింటాడు" అన్నది. నా మాట ఎన్నడూ విన్నవాడు కాడు. అయినా వెళ్ళాను. బ్రతిమాలి ఆ ఒక్క రోజుకు పలాస తీసుకువెళ్ళాను.

లోపలికి పోయేముందు బరువు తూస్తారు. ఒంట్లో ఎంత నీరు చేరిందో దానిని బట్టి లెక్క. త్రాసు దిగి, "పోటీకి ముందు ఆళ్ళకీ తూస్తారు గదా" అని నవ్వాడు. సూదులు గుచ్చినప్పుడు మొగం తిప్పుకున్నది నేను.

ఊరక కూర్చోలేక, పాత అలవాటు కొద్దీ అడిగాను: "అలీ, మార్సియానో. ఇప్పుడు చెప్పు."

"ఏ వయసు అలీ?" అన్నాడు.

"అదేమిటి?"

"ఇరవై అయిదేళ్ళోడా, ముప్పై ఎనిమిదేళ్ళోడా? మన ఆటలో ఎవుడికీ ముసలితనం రాదు బావా, రోగం రాదు. నన్ను దింపవలసొస్తే ఏ నన్ను దింపుతావు?"

నా దగ్గర జవాబు లేదు. యాభై యేళ్ళుగా లెక్కలు వేశాము. పదిహేను రౌండ్ల కాలం వాణ్ణి పన్నెండు రౌండ్ల కాలం వాడితో ఎలా తూచాలని, 84 కిలోల మార్సియానో నేటి కొలతల్లో భారీ తరగతికే రాడు గదా అని. వయసు మాత్రం ఎన్నడూ అడగలేదు. అందరినీ వారి వారి మంచి రోజునే పిలిచాము.

నిజానికి రెండు కాలాల వీరులు బరిలో కలిసినవి లేకపోలేదు. పెద్దవాడు తిరిగి వచ్చినప్పుడల్లా కలుస్తారు. 1910లో జెఫ్రీస్ అలా వచ్చి జాక్ జాన్సన్ చేతిలో పదిహేనవ రౌండులో కూలాడు. పన్నుల బాకీ తీర్చడానికి వచ్చిన 37 యేళ్ళ జో లూయీని 1951లో మార్సియానో ఎనిమిదవ రౌండులో తాళ్ళ బయటకు కొట్టాడు. 1980 అక్టోబరు 2న అలీ, లారీ హోమ్స్. హోమ్స్ ఒకప్పుడు అలీకే సాధనలో జోడీగా ఉన్నవాడు. పది రౌండ్లలో ఒక్కటీ అలీకి దక్కలేదు. పదకొండవదానికి లేవనీయకుండా అలీ గురువు డండీ పోటీ ఆపించాడు.

ఇది చెప్పడం నా పొరపాటు. బావ కళ్ళు మూసుకొని, "ఆ మూలనున్నోడు బుద్ధిమంతుడు. ఎవుడో ఒకడు అలగ ఆపీయాల. నువ్వే చెప్పు మీ చెల్లికి" అన్నాడు.

అందుకే తీసుకువచ్చాడన్నమాట నన్ను. నేను తీసుకువచ్చాననుకున్నాను.

నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నాకు భారతం వస్తుంది. సౌగంధిక పుష్పానికి పోయే భీముడి కథ ఎత్తుకున్నాను. దారికి అడ్డంగా ముసలి కోతి. ముదిమి పైబడింది, లేవలేను, తోక తొలగించి పొమ్మంటుంది. భీముడు ఎడమ చేత్తో, తరువాత రెండు చేతులా ఎత్తబోయి చెమటలు పట్టి తల వంచుకుంటాడు. అప్పుడు గదా హనుమంతుడని తెలియడం! సముద్రం దాటిన నాటి రూపం చూపమంటే హనుమంతుడు వెంటనే ఒప్పుకోడు. ఆ కాలం వేరు, యుగాన్ని బట్టి దేహమూ బలమూ మారుతాయని యుగధర్మాలు చెబుతాడు. మన ఆటకు ఇంతకంటె పాత శాస్త్రం లేదు అన్నాను.

"ఆడు నిజంగా ముసిలోడు కాడు బావా. నటించేడు" అన్నాడు.

పండితుణ్ణి నోరెత్తకుండా చేశాడు. గత్యంతరం లేక ఫోను తీసి ఫోర్‌మన్ పోటీ పెట్టాను. 1994 నవంబరు 5. అలీ చేతిలో ఓడి ఇరవై యేళ్ళయింది. ఆనాటి ఎర్ర నిక్కరే వేసుకొని, 45 యేళ్ళ ఫోర్‌మన్ తనకంటె 19 యేళ్ళు చిన్నవాడైన మూరర్ ముందు నిలబడ్డాడు. తొమ్మిది రౌండ్లు దెబ్బలు తింటూనే ఉన్నాడు. ముగ్గురు న్యాయనిర్ణేతల లెక్కలోనూ వెనుకే. బావ ఏమీ అనలేదు. పదవ రౌండులో కుడిచేతి గుద్దు ఒకటి తగిలి మూరర్ వెల్లకిలా పడ్డాడు. బావ సూదులున్న చేయి కదలబోతే నర్సమ్మ కేకవేసింది.

"మళ్ళా పెట్టు" అన్నాడు. మళ్ళీ పెట్టాను. మూడవసారి చూసి, "ఈ మూలనున్నోడు ఆపలేదేటి?" అన్నాడు.

"ఆపమని ఇతడు చెప్పలేదు" అన్నాను.

ఆ తడవ పూర్తి చేశాడు. తరువాత నెలలో ఒకసారి మళ్ళీ మానాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు పోతున్నాడు. వారంలో ఒక రోజు నేనూ బస్సెక్కి కాశీబుగ్గలో దిగుతాను. ఫోర్‌మన్ 2025 మార్చిలో పోయాడని చెబితే, ఎన్నేళ్ళని అడిగాడు. 76 అన్నాను. "పరవాలేదు" అన్నాడు.

మొన్న రామ్మూర్తి నాయుడి చివరి రోజులు మాటలలోకి వచ్చాయి. ఒక కాలు తీసివేయవలసి వచ్చిందంటారు. 1942లో ఒరిస్సాలోని బలంగీరులో పోయాడు. ఆ కాలు లేని రామ్మూర్తిని గామా మీదికి దింపుతావా అని అడిగాను.

బావ చాలాసేపు ఆలోచించాడు. "కూకోబెట్టి పట్టమను" అన్నాడు. "అప్పుడు సూద్దుము."