మే నెల పిల్లాడు, తొమ్మిదో తరగతి పిల్ల

యూకేజీ పిల్లలకు "ఏడీహెచ్‌డీ ఉందేమో, చూపించండి" అనడం ఈ మధ్య మామూలైపోయింది. మా వాడి గురించీ వాళ్ల టీచరమ్మ అదే అంది. కుదురుగా కూర్చోడట, పక్కవాళ్లని గిల్లుతాడట, చెప్పింది వినడట. అప్పటికి వాడికి ఐదేళ్లు నిండి రెండు నెలలు. మే నెలాఖరులో పుట్టాడు. జూన్‌లో బడి తెరిస్తే క్లాసులో అందరికంటే చిన్నోడు వాడే. ముందు బెంచీ పిల్ల వాడికంటే పదకొండు నెలలు పెద్దది. ఐదేళ్ల వాడికి అది బతుకులో దాదాపు ఐదో వంతు, మన వయసు వాళ్లకైతే ఎనిమిదేళ్లతో సమానం!

పిల్లల మానసిక డాక్టరు గారు ముందు అడిగింది వాడి పుట్టినరోజే. అమెరికాలో సెప్టెంబర్ 1ని హద్దుగా పెట్టుకుని పిల్లల్ని బడిలో చేర్చుకునే రాష్ట్రాల్లో లెక్క తీసి 2018లో ప్రచురించారు. ఆగస్టులో పుట్టి క్లాసులో అందరికంటే చిన్నవాళ్లయిన పిల్లల్లో పదివేలకు 85 మందికి ఏడీహెచ్‌డీ అని తేల్చారు. సెప్టెంబర్‌లో పుట్టి క్లాసులో పెద్దవాళ్లయిన పిల్లల్లో 64 మందికే. పుట్టిన నెల మారితే జబ్బు మారుతుందా?

బడిలో ఒక్కచోట కనపడితే చాలదట. ఇంట్లోనూ ఉండాలి, ఆరు నెలలకు తక్కువ కాకుండా ఉండాలి. నిజంగా ఉన్నా, ఆరేళ్లలోపు పిల్లలకు మందుల కంటే ముందు అమ్మానాన్నలకే శిక్షణ ఇస్తారు. "ఒక ఏడాది చూద్దాం" అన్నారు. వాడిప్పుడు మూడో తరగతి, బాగానే కూర్చుంటున్నాడు. గిల్లడం మాత్రం మానలేదు, అది వేరే సంగతి.

ఇక మా బార్కస్ గల్లీలోనే, జామపళ్ల కాలంలో మా పిల్లలకు కవరు నిండా పంపే ఆపా కూతురు. తొమ్మిదో తరగతి. అల్లరి అన్న మాటే ఎరగదు. టిఫిన్ డబ్బా, దుపట్టా, పెన్నులు ఎక్కడో వదిలేస్తుంది. పరీక్షలో సగం పేపరు రాసి కిటికీ బయటికి చూస్తూ ఉండిపోతుంది. "చుప్ బైఠీ తో అచ్చీ బచ్చీ బోలే సబ్" అంటుంది ఆపా. నోరు మెదపని పిల్ల మంచి పిల్ల, మనందరి ఇళ్లలోనూ అంతే కదా. ఇలా అల్లరి లేకుండా ధ్యాస మాత్రమే నిలవని రకం ఆడపిల్లల్లో ఎక్కువట. క్లాసును ఇబ్బంది పెట్టరు కాబట్టి ఎవరూ డాక్టరు దగ్గరికి పంపరు.

నా పోరు పడలేక మొన్న చూపించింది. డాక్టరు పాత ప్రోగ్రెస్ కార్డులు తెమ్మన్నారు. లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి మరి. 2013 ముందైతే ఏడేళ్లలోపే అనేవారు. ఆపా ట్రంకు పెట్టె అడుగునుంచి కార్డులన్నీ తీసింది. మూడో తరగతి నుంచి ప్రతి కార్డులోనూ అదే వాక్యం, తెలివైన పిల్లే, ఇంకా శ్రద్ధ పెట్టాలి అని. ఐదుగురు టీచర్లు, ఐదు రకాల చేతిరాతలు.

ఆపా భయం చదువు గురించి కాదు. మానసిక డాక్టరు అంటే మన ఊళ్లో ఎర్రగడ్డే గుర్తొస్తుంది. రెండు మూడేళ్లలో సంబంధాలు వస్తాయి, అత్తగారికి తెలిస్తే ఎలా అని. పిల్ల మాత్రం నన్ను ఒక్కటే అడిగింది, "ఆంటీ, పదో తరగతి లోపు తగ్గుద్దా?" అని. మాయమైపోయేది కాదమ్మా, కానీ పరీక్ష పేపరు పూర్తి చేయడం నేర్పుతారు అన్నాను.

మంగళవారం మళ్లీ రమ్మన్నారు. అత్తగారికి బట్టల కొట్టుకని చెప్పి వస్తానంది ఆపా. ఆటో నేనే మాట్లాడాను.