కాటా మీద కంచం

మన సూర్యాపేటలో ఎవరైనా నాలుగు కిలోలు తగ్గితే చాలు, ఎదురుపడ్డవాళ్లంతా అడిగేది ఒకటే: "ఏం మానేసినవ్?" అన్నమా, చక్కెరా, రాత్రి తిండా? ఏదో ఒకటి మానేశానని చెప్పాలి. ఏమీ మానలేదంటే మొహంలోకి అనుమానంగా చూసి, ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకొమ్మని సలహా ఇచ్చి పోతారు. "ఎంత తింటున్నవ్?" అని మాత్రం ఒక్కరూ అడగరు. ఒకరి కంచంలో ఎంత ఉందో అడగడం మన దగ్గర మర్యాద కాదు మరి.

మానేయడంలో మాత్రం మనవాళ్లు ఆరితేరారు. మంతెన సత్యనారాయణ రాజు గారు టీవీలో చెప్పే రోజుల్లో ఎన్నో ఇళ్లలో ఉప్పూ నూనే అటకెక్కాయి. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి వంతు వచ్చింది. అన్నం పోయి కొబ్బరినూనె, నిమ్మకాయలు, సూపులు వచ్చాయి. సద్దుల చెరువు కట్ట మీద పొద్దున్నే నడిచేవాళ్ల మాటలన్నీ నిమ్మకాయల రేటు చుట్టే తిరిగేవి. ఆ తర్వాత ఖాదర్ వలీ గారి కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు. ఎవరు చెప్పింది ఒప్పు, ఎవరిది తప్పు అన్న పంచాయితీ నాకొద్దు. తగ్గినవాళ్లు ఉన్నారు. తగ్గి, ఆర్నెల్లకు ఏదో పెళ్లిలో వేడి వేడి పప్పన్నం ముందు కూర్చుని, మళ్లీ మొదటికొచ్చినవాళ్లు ఇంకా ఎక్కువ మంది ఉన్నారు.

వాళ్లను మాత్రం ఏమని అనగలం? 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదలకముందు ఈ మెట్ట ఊళ్లలో జొన్న గట్క, సజ్జ రొట్టెలే రోజువారీ తిండి. వరన్నం పండుగనాటి ముచ్చట. ఆ ముచ్చట రోజూ కంచంలోకి వచ్చి అరవై ఏళ్లయినా కాలేదు. అంతలోనే మానెయ్యమంటే కాలువ కింది మనిషికి మనసెట్లా ఒప్పుతుంది? పైగా ఇందులో ఒక తమాషా ఉంది. నూరు గ్రాముల బియ్యంలో సుమారు 350 క్యాలరీలుంటే, నూరు గ్రాముల జొన్నల్లో 335 దాకా ఉంటాయి. పీచు ఎక్కువ గనక జొన్నరొట్టెకు కడుపు తొందరగా నిండుతుంది, ఆ మేలు కాదనలేం. కానీ ఆరోగ్యమని చెప్పి రెండుకు బదులు నాలుగు రొట్టెలు తింటే ఆ మేలు అక్కడితో సరి. తెలంగాణ సోన బియ్యం సంగతీ అంతే. రక్తంలో చక్కెరను కాస్త నెమ్మదిగా పెంచుతుందని దానికి పేరు. నెమ్మదిగా పెంచినా క్యాలరీలు మామూలు బియ్యానివే.

ఇక మా బావ సంగతి చెప్పాలి. మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమస్తా. మిర్యాలగూడ అంటే మీకు తెలియందేముంది, కోతల కాలంలో ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరే ఊరు. అక్కడ తూకం వెయ్యనిదే గింజ కదలదు. లోడుతో ఒకసారి, ఖాళీ బండితో ఒకసారి కాటా. తేమ ఎంత, తాలు ఎంత, తరుగు ఎంత? కిలో తరుగు దగ్గర రైతుకూ మిల్లుకూ ఎప్పుడూ పేచీయే. పగలంతా ఆ పేచీల మధ్య గడిపే మనిషి రాత్రి ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే మాత్రం లెక్కా లేదు, పత్రం లేదు. అక్క పెట్టిందే పెట్టుడు, ఆయన తిన్నదే తినుడు. నడుము చుట్టుకొలత 100 సెంటీమీటర్లు దాటింది. మన దేశపు మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 దాటకూడదంటారు డాక్టర్లు. బావకు డాక్టర్ ఆ మాట చెప్పి, అన్నం తగ్గించమన్నాడు.

"ఎంత తగ్గించాలె?" అన్నాడు బావ. అది మిల్లు మనిషి అడిగే ప్రశ్న. సగం తగ్గించమన్నాడు డాక్టర్. "దేంట్ల సగం? ఇప్పుడెంత తింటున్ననో తెలిస్తే గదా!"

బంగారం దుకాణంలో ఉండేలాంటి చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కొచ్చాడు. ఆ రాత్రి నేనూ అక్కడే ఉన్నాను. ఖాళీ కంచం పెట్టి సున్నా చేశాడు. అక్క రోజూ పెట్టినట్టే పెట్టింది. పప్పులోకి, కూరలోకి కలిపి 310 గ్రాములు. పెరుగులోకి మళ్లీ వడ్డిస్తే ఇంకో 180. మొత్తం 490 గ్రాముల అన్నం. వండిన అన్నం నూరు గ్రాములకు సుమారు 130 క్యాలరీలు, అంటే 640కి అటూ ఇటూ. బియ్యంలో 350, అన్నంలో 130 ఎట్లా అయిందని అడిగాడు. అన్నంలో డెబ్బై శాతం దాకా నీళ్లే కదా బావా అన్నాను.

"డెబ్బై శాతం తేమా!" అన్నాడు కంచం వైపు చూస్తూ. "పదిహేడు దాటితే ధాన్యమే తీసుకోం. ఈ లోడు వాపస్ పంపాలె."

ఆ 490 గ్రాముల అన్నానికి పట్టిన బియ్యం 180 గ్రాములు. ఇప్పుడు ఇంకో లెక్క వినండి. 2025 ఉగాది నాడు మన జిల్లాలోని హుజూర్‌నగర్‌లోనే మొదలుపెట్టారు కదా, రేషన్ కార్డు మీద సన్నబియ్యం, మనిషికి నెలకు 6 కిలోలు. రోజుకు 200 గ్రాములన్నమాట. సర్కారు ఒక మనిషికి రోజంతటికీ ఇచ్చే బియ్యాన్ని మా బావ దాదాపు ఒక్క రాత్రి భోజనంలో ముగిస్తున్నాడు. పైన పప్పులో నెయ్యి, కూరలో నూనె, అప్పడం వేరే.

ఇంతకీ ఈ క్యాలరీల లెక్క ఎక్కడిదంటారా? పిండిపదార్థం గ్రాముకు 4, మాంసకృత్తులు 4, కొవ్వు 9. స్థూలంగా ఇంతే, మిగతాదంతా కూడికలు. దీన్ని బరువు తగ్గడానికి వాడుకోవచ్చని అమెరికాలో ఇల్లిల్లూ తిప్పింది లులు హంట్ పీటర్స్ అనే డాక్టరమ్మ. ఆమె పుస్తకం 1918లో వచ్చింది. ఆమె కూడా ఒకప్పుడు వంద కిలోల మనిషేనట. సరిగ్గా అదే 1918లో మన కూనూరులో మెకారిసన్ అనే దొర బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం చిన్న కేంద్రం పెట్టాడు. అదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకొచ్చి, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ అయింది. చింతచిగురుతో సహా మనం తినేవాటిలో దేంట్లో ఏముందో కొలిచి పుస్తకాలు వేసింది ఆ సంస్థే. 2017 నాటి పట్టికల్లో 528 పదార్థాలున్నాయి. 2024లో తెచ్చిన మార్గదర్శకాల్లో 2000 క్యాలరీల కంచం ఎట్లా ఉండాలో కూడా చెప్పారు. అందులో బియ్యం, గోధుమల్లాంటి ధాన్యాల వాటా 45 శాతం. చూశారా, అన్నం మానెయ్యమని తార్నాక కూడా అనలేదు.

బావ వయసుకూ కూర్చునే ఉద్యోగానికీ రోజుకు 2200 సరిపోతాయనుకుని, 1800 దగ్గర ఆగుదామని పెట్టుకున్నాం. కిలో కొవ్వు అంటే సుమారు 7700 క్యాలరీలు. రోజుకు 400 తక్కువ తింటే కాగితం మీద నెలకు కిలోన్నర తగ్గాలి. కాగితం మీదే సుమా! ఒళ్లు తేలికైన కొద్దీ దాని ఖర్చూ తగ్గుతుంది, మొదటి నెల తగ్గినట్టు నాలుగో నెల తగ్గదు. అప్పుడే చాలామంది కాటాను అటక మీద పెడతారు.

1800లో ఇష్టమైనవి పట్టించడమే అసలు కథ. హైదరాబాదుకూ విజయవాడకూ నడుమ ఊరు కావడం వల్ల మన పేటలో టిఫిన్లకు కొదవ లేదు, బస్సు ఆగితే చాలు ప్లేట్లు పరుగెడతాయి. హోటల్ ఇడ్లీ ఒక్కోటి 70 అనుకుందాం, మూడు తింటే 210. అదే మైసూర్ బజ్జీ నాలుగైతే 400 దాటినా ఆశ్చర్యపోవద్దు. బావకు బజ్జీ అంటే ప్రాణం. మానమని నేను అనలేదు, ఆయన మానలేదు. ఆదివారం పొద్దున బజ్జీలు తింటాడు, మధ్యాహ్నం అన్నం ఆ మేరకు దిగుతుంది. ఇడ్లీ మంచిదని నమ్మి పల్లీ చట్నీ మూడుసార్లు పోయించుకునేవాళ్లే అసలు దెబ్బతినేది. గుప్పెడు పల్లీలు, ముప్పై గ్రాములు, 170 క్యాలరీలు. చట్నీ గిన్నెలోకి పోయాక అవి పల్లీలని ఎవరికి గుర్తుంటుంది?

చాయ్ సంగతి ఇంకా తమాషా. కాసిన్ని పాలు, రెండు చెంచాల చక్కెర కలిస్తే ఒక చాయ్ 75 దాకా వస్తుంది. రోజుకు నాలుగు చాయ్‌లంటే మూడు ఇడ్లీల పైమాటే, అదీ నమలకుండానే. బావ రెండు చాయ్‌లు ఉంచుకున్నాడు, రెండు వదిలాడు. ఆ మిగిలిన 150 క్యాలరీలతో రాత్రి పప్పులోకి నెయ్యి నిలబెట్టుకున్నాడు. బేరం ఎట్లా ఉంది? నాకైతే నచ్చింది. కల్లు సంగతి మీరు అడగరని తెలుసు గానీ చెప్పేస్తాను: అందులోని మత్తుకు గ్రాముకు 7 క్యాలరీలు, చెట్టు నుంచి దించింది కదా అని ఎవరూ మాఫీ చెయ్యరు.

ఫోన్లో యాప్‌లున్నాయి కదా, ఈ కాటాలెందుకు అంటారేమో. యాప్‌లో "పప్పు, ఒక గిన్నె" అని ఉంటుంది. ఎవరింటి గిన్నె? నూనె సంగతైతే ఏ యాప్‌కూ అంతుపట్టదు. దానికి మా అక్క ఒక ఉపాయం పట్టింది. నెలకు ఇంట్లో నలుగురికి నాలుగు ప్యాకెట్ల నూనె అవుతుంది. మనిషికి లీటరు, అంటే రోజుకు ముప్పై గ్రాములు, 270 క్యాలరీలు. ఏ కూరలో ఎంత పడిందన్న రంధి లేదు. ఒక ప్యాకెట్ తగ్గితే నలుగురికీ తగ్గినట్టే. తార్నాకవాళ్ల కంచంలో నూనె 27 గ్రాములు. మా అక్క చాలా దగ్గరికే వచ్చిందని నేనంటే, "నేనొచ్చుడేంది, వాళ్లే నా దగ్గరికొచ్చిన్రు" అంది.

క్యాలరీ ఒక్కటే చూసుకుంటే చాలా అంటే, చాలదు. 2010లో అమెరికాలో మార్క్ హాబ్ అనే పోషకాహార ప్రొఫెసర్ ఎక్కువగా దుకాణపు క్రీము కేకులే తింటూ, రోజుకు 1800 దాటకుండా, 10 వారాల్లో పన్నెండు కిలోలు తగ్గి చూపించాడు. తూకం నిజమేనని రుజువైంది. అట్లా తినమని ఆయన కూడా చెప్పలేదు. మన కంచంలో కొరత పప్పు, గుడ్డు, పెరుగు. 640 క్యాలరీల అన్నం తిన్నా బావకు పదింటికి మళ్లీ ఆకలయ్యేది. అన్నం 300 గ్రాములకు దించి, పప్పు చిక్కగా చేసి, రెండు గుడ్లు చేర్చాక ఆ పదింటి ఆకలి పోయింది. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా తిండి కొయ్యొద్దు, చక్కెర ఉన్నట్టుండి పడిపోతుంది. కడుపుతో ఉన్నవాళ్లకూ ఎదిగే పిల్లలకూ ఈ కాటా అసలే వద్దు.

ఇక పండుగలు. సద్దుల బతుకమ్మ నాడు పులిహోర, పెరుగన్నం, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది, మలీద... అక్కడికి కాటా తీసుకుపోయేవాడిని ఊరు వెలేస్తుంది, వెలేసినా తప్పులేదు. ఆ లెక్క వారం మీద చూసుకోవాలి. ఏడు రోజులకు 12,600 అనుకుంటే, పండుగ రోజు 2800 అయినా మిగిలిన ఆరు రోజుల్లో తలా కాస్త సర్దుకుంటుంది. సంక్రాంతి సకినాలు అంత సులువు కాదు, అవి ఒక్క రోజుతో పోవు. డబ్బా ఇంట్లో ఉన్నన్నాళ్లూ పండుగే.

ఇదంతా కోదాడలో మా చిన్నమ్మ ముందు చెబితే ఆమె ఊరుకోలేదు. "తిండిని లెక్కపెడితే దిష్టి తగుల్తదిరా" అంది. నిజానికి ఆమె లెక్కపెట్టకుండా ఎన్నడూ వండలేదు. మా చిన్నప్పుడు మనిషికింత అని సోలతో కొలిచి బియ్యం ఎసట్లో పోసేది, ఇప్పుడు కుక్కర్‌తో వచ్చిన కప్పుతో పోస్తుంది. ఆ కప్పు నిండా బియ్యం 150 గ్రాములు, అంటే 500 పైచిలుకు క్యాలరీలు. కాటా కొనలేని వాళ్లకు ఆ కప్పు చాలు. అన్నం దగ్గర కాక బియ్యం దగ్గరే కొలిస్తే తేమ పేచీ కూడా ఉండదు. ఇది చెబితే మాత్రం చిన్నమ్మ మెచ్చుకుంది, సోల తనదే కనుక.

అన్నాలకు కూర్చున్నాం. బావకు మామిడికాయ తొక్కు వేస్తూ, గరిటె ఆపి అడిగింది: "దీని మీద తేలిన నూనె కూడా నీ లెక్కల కొస్తదా అల్లుడా?"

"చెంచాకు నలభై దాకా వస్తది అత్తమ్మా."

"మరి ముక్క?"

"ముక్కదేముంది, నామమాత్రం."

ముక్కలన్నీ ఆయనకేసి, నూనె తన అన్నంలో వంపుకుంది.