ఆగే హక్కు

గత వారం మా కాలేజీ స్పోర్ట్స్ మీట్ గురించి రెండు లైన్లు రాసి ఆపేశాను. ఏమైందని చాలామంది మిత్రులు అడిగారు. ఇవాళ రాస్తున్నాను. ఎందుకంటే అందులో తప్పు నాది కూడా.

మార్చి చివరి వారం. అమ్మాయిల 1500 మీటర్ల పరుగు పొద్దున 8 గంటలకు ఉండాలి. ముఖ్య అతిథి గారు ఆలస్యంగా వచ్చి జెండా ఊపేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. అప్పటిదాకా పిల్లలు ఎండలోనే ఉన్నారు. శామియానా నీడ వేదిక మీది కుర్చీలకే సరిపోయింది. నీడలోకి పంపుదామని నేనంటే, పక్కన కూర్చున్న పెద్దమనిషి నవ్వాడు. "వీళ్లకు ఎండ అలవాటే కదా మేడమ్" అన్నాడు. నేను మళ్లీ మాట్లాడలేదు.

నా క్లాసు పిల్ల ముందు పరిగెడుతోంది. మూడో రౌండులో అడుగులు తడబడ్డాయి. బాణంలా పోయే పిల్ల పక్కకు వాలిపోతోంది. నేను చప్పట్లు కొడుతూ అరిచాను: "ఆగకు! మన పిల్లలు ఆగరు!"

ఇంకో ఇరవై అడుగులు వేసి పడిపోయింది. పేరు అడిగితే ఏదో గొణిగింది. ఒకరు నోట్లో నీళ్లు పోయబోయారు. మా కాలేజీలో ఊడ్చే అమ్మ పరుగున వచ్చి బాటిల్ పక్కకు నెట్టింది. "నోట్ల పొయ్యకుండ్రి, ఒంటి మీద పొయ్యుండ్రి" అంటూ నీడలోకి లాగించి, రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించి, కొంగుతో విసిరింది. ఇటుక బట్టీల్లో పనిచేసిన మనిషి ఆమె. ఆ రెండు బకెట్లే పిల్లను కాపాడాయని తర్వాత డాక్టర్ చెప్పారు. ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటి మాట తడబడితే అది వడదెబ్బ. అంబులెన్సుకు ఫోన్ చేస్తూనే ఒళ్లు చల్లబరచాలి. అది వచ్చేదాకా ఆగకూడదు. పీహెచ్‌డీ ఉన్న నాకు ఆ సంగతి తెలియదు.

ఆదివారం ఆ పిల్ల ఇంటికి వెళ్లాను. ఫిల్మ్ నగర్ బస్తీ. నేను పెరిగిందీ అక్కడే. రేకుల కప్పు, ఒక్క గది, వెనక గోడగా నల్లరాతి బండ. వాళ్లమ్మ జూబ్లీహిల్స్‌లో మూడిళ్లలో పని చేస్తుంది. "పరుగు ముందురోజు రాత్రి నిద్రపోయినవా?" అని అడిగాను. "యాడ నిద్ర మేడమ్? రేకులు రాత్రి పన్నెండు దాటినా సల్లబడయి."

అలవాటే కదా అన్న మాటకు జవాబు అక్కడుంది. కొత్త ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు కావాలి. రోజూ కొద్దికొద్దిగా పెంచుతూ పోతే చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, గుండె మీద భారం తగ్గుతుంది. కానీ రాత్రి ఒళ్లు చల్లబడాలి, నిద్రపోవాలి. కేబీఆర్ పార్కులో పొద్దున్నే పరిగెత్తేవాళ్లు ఏసీ గదుల్లోకి వెళ్తారు. ఈ పిల్ల పొయ్యిలోంచి లేచి పెనం మీదికి వచ్చింది.

మా నాయన సినిమా సెట్లలో లైట్లు మోసేవాడు. కథలో డిసెంబరు, బయట మే నెల. తోలు కోట్లు వేసుకుని ఫైట్ చేసే కుర్రాళ్లు కళ్లు తిరిగి పడటం చూశానని చెప్పేవాడు. "మరి ఆగొచ్చు కదా నాయనా?" అంటే, "ఆగితే ఆ రోజు కూలి పోతది బిడ్డా" అనేవాడు. మా ఒళ్లు గట్టిదని అందరూ మెచ్చుకునేవారు. ఆగే వీలు లేకపోవడానికే ధైర్యమని పేరు పెట్టారు.

ఇప్పుడు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్‌లను తలుచుకుందాం. 2014 మే 25. తెలంగాణ ఏర్పడటానికి 8 రోజుల ముందు. నిజామాబాద్ జిల్లా పాకాల ఆదివాసీ బిడ్డకు ఇంకా 14 ఏళ్లు నిండలేదు. ఖమ్మం జిల్లా దళిత బిడ్డ ఆనంద్‌తో కలిసి టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. ఇంత కథ పక్కనే ఉన్నా, 2017లో 'పూర్ణ' తీసింది ఫిల్మ్ నగర్ కాదు, హిందీలో రాహుల్ బోస్.

వాళ్ల ధైర్యం గురించి చాలా ఉపన్యాసాలు విన్నాం, నేనూ ఇచ్చాను. ఏర్పాటు గురించి మాట్లాడలేదు. మొదట భువనగిరి గుట్ట, తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడఖ్ చలి, నెలల తరబడి సాధన. శిఖరం మీద ఒక్కో శ్వాసకు దొరికే ఆక్సిజన్ సముద్రమట్టంలో దొరికేదానిలో మూడోవంతే. అందుకే 3,000 మీటర్లు దాటాక, పడుకునే ఎత్తు ఒక్క రాత్రికి 500 మీటర్లకు మించి పెంచొద్దంటారు. పైకి ఎక్కుతారు, దిగి పడుకుంటారు, మళ్లీ ఎక్కుతారు. తలనొప్పి, వాంతులు పెరిగితే, అడుగు తడబడితే, దిగడమే మందు. కొండ మీద ఆగడం ఓటమి కాదు, చదువు.

అడుగు తడబడటం. ఎత్తులో మెదడు వాచినా, చలికి ఒళ్లు గడ్డకడుతున్నా, ఎండకు మెదడు వేడెక్కినా కాళ్లే ముందు చెబుతాయి. కొండ మీద ఆ అడుగు చూసిన గురువు దించేస్తాడు. నేను చప్పట్లు కొట్టాను.

టోక్యో ఒలింపిక్స్‌లో ఎండకు భయపడి మారథాన్‌ను వందల కిలోమీటర్ల దూరంలోని సప్పోరోకు మార్చారు. అక్కడా వేడి పెరిగితే, 2021 ఆగస్టు 7న మహిళల పరుగును ఒక గంట ముందుకు, పొద్దున 6 గంటలకు జరిపారు. ఒలింపిక్స్ టైమ్ మారగా లేనిది, ఒక ముఖ్య అతిథి కోసం మా పిల్లలు ఎండలో మాడాలా?

విద్యార్థి మిత్రులారా, మీ కాలేజీల్లో అడగండి. పొద్దున 9 దాటాక దూరపు పరుగులు వద్దనండి. నీడ, మంచినీళ్లు, ఐసు, ఒళ్లు తడపడానికి నీళ్ల డ్రమ్ము ఉంటేనే ట్రాక్ ఎక్కుతామనండి. అతిథి రాకపోతే ఊడ్చే అమ్మ చేత జెండా ఊపించండి.

ఆ పిల్ల మళ్లీ పరిగెడతానంటోంది. "ఈసారి ఆగమంటే ఆగుతవా?" అని అడిగాను. "మీరు ఆగమంటరా మేడమ్?" అంది.

అంటాను బిడ్డా.

జై భీమ్.