వెక్స్ అయ్యారా... పరేషాన్ అయ్యారా?

కరెంటు పోతే వెక్స్. సీరియల్ సాగదీస్తే వెక్స్. అల్లుడు అలిగితే వెక్స్. ఇంగ్లిషు రానివాళ్లు కూడా 'వెక్స్ అయిపోయాననుకో' అనేస్తున్నారు. ఇంతకీ ఆ మాటకి అర్థమేంటి?

లాటిన్‌లో 'వెక్సారె' అంటే కుదిపేయడం, వేధించడం. దాన్నుంచి పుట్టిన ఇంగ్లిషు విశేషణమే 'వెక్స్‌డ్'. మనిషికి వాడితే చిరాకుపడ్డవాడని అర్థం. ఏం చేయాలో పాలుపోనివాడనీ అనుకోవచ్చు. అదే సమస్యకి వాడితే, ఎంత చర్చించినా తెగనిదని. నదీజలాల గొడవని ఇంగ్లిషు పేపర్లు 'వెక్స్‌డ్ ఇష్యూ' అనేది అందుకే. ఇంగ్లండ్‌లో కాస్త పుస్తకాల వాసన వేసే ఈ మాట నైజీరియాలోనూ ట్రినిడాడ్‌లోనూ మాత్రం మనకిలాగే రోజువారీది.

మనం దాని తోక కత్తిరించి 'అవు' తగిలించుకున్నాం. ఆ అచ్చు పాతదే. ఆదిలాబాద్ జిల్లా బోథ్‌లో ఉండే మా చిన్నమ్మ ఏళ్ల తరబడి 'పరేషాన్ అయిన బిడ్డా' అంటూనే ఉంది. మహారాష్ట్ర సరిహద్దుకి దగ్గరి ఊరు. తెలుగు, మరాఠీ, ఉర్దూ, గోండి అక్కడి అంగట్లో భుజాలు రాసుకుని తిరుగుతాయి. పారశీకంలో 'పరేషాన్' అంటే చెదిరిపోయిన, చిందరవందరైన అని. నిజాం కొలువులో మొదట పారశీకం, 1880ల తర్వాత 1948 దాకా ఉర్దూ రాజ్యమేలాయి కదా... ఆ మాట మన ఇళ్లలో స్థిరపడిపోయింది. 'హైరానా' కథా అంతే. అరబ్బీలో 'హైరాన్' అంటే దిక్కుతోచనివాడు. మనదాకా వచ్చేసరికి ఆ అయోమయం కాస్తా అలసటా విసుగూ అయిపోయింది!

అంటే అయోమయం, విసుగు... ఈ రెండూ ఒకే చొక్కా తొడుక్కుని తిరుగుతాయన్నమాట. చిక్కంతా అక్కడే.

మొన్న బోథ్ వెళ్లినప్పుడు చిన్నమ్మ మనవడు మూడురోజులుగా బడికి పోవట్లేదు. తొమ్మిదో తరగతి. ఎందుకురా అంటే 'స్కూల్‌తోని ఫుల్ వెక్స్ అయిన' అన్నాడు. వాళ్ల నాన్నకి ఒళ్లు మండింది. 'చదువు మీద మనసు లేదు వీనికి. దుకాణంల కూసోవెడ్త' అనేశాడు. ఉత్తి బెదిరింపు కాదు, అప్పటికే నిర్ణయం అయిపోయినట్టే ఉంది.

చిన్నమ్మకి ఇంగ్లిషు రాదు. అందుకే అడిగింది, 'వెక్సంటే ఏందిరా? యాష్టకొచ్చిందా, సమజైతలేదా?'

వాడు చాలాసేపు తల వంచుకుని, 'సమజైతలేదవ్వా' అన్నాడు. 'సైన్సు ఇంగ్లిష్ల చెప్తె ఒక్క ముక్క అందుతలేదు.'

తెలుగు మీడియం నుంచి ఇంగ్లిషు మీడియానికి మారిన పిల్లాడు. అర్థం కావట్లేదని చెప్పుకోవడం నామోషీ. విసిగిపోయానంటే కాస్త దర్జాగా ఉంటుంది. పెద్దవాళ్లమూ అంతే. కొత్త ఫోన్‌తోనో, బ్యాంకు కాగితాలతోనో తిప్పలుపడే తాతయ్య 'చిరాకుగా ఉంది, తీసెయ్' అంటే, చాలాసార్లు దానర్థం 'నాకు తెలియట్లేదు, ఎవరైనా చెప్పండి' అనే.

విసుగైతే కాసేపు వదిలేస్తే పోతుంది. అయోమయాన్ని వదిలేస్తే ముదురుతుంది. మీ ఇంట్లో ఎవరైనా 'వెక్స్' అంటే కసరకండి. చిన్నమ్మలా ఒక్క ప్రశ్న వేసి చూడండి.

అన్నట్టు, వాడిప్పుడు బడికి వెళ్తున్నాడు. సాయంత్రం పక్కవీధి టీచరమ్మ దగ్గర అదే సైన్సు పాఠం తెలుగులో చెప్పించుకుంటున్నాడు.